దగ్గని పిల్ల

నల్లపాడు రైలు గేటు దగ్గర డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆపేశాక గానీ అంతసేపూ చెవుల్లో ఎంత రొద ఉందో లక్ష్మీదుర్గకు తెలియలేదు, తెలిసిన వెంటనే కిటికీ పక్కన కూర్చున్న పిల్ల వంక చూసింది, ఈ రొద ఈ పిల్లకు ఎలా వినపడి ఉంటుందా అని, అలా అనుకోవటమే తప్పన్నట్టు మళ్లీ చూపు తిప్పుకుంది. శ్రీరమ్య ఆమె చెల్లెలి కూతురు. ఐదో తరగతి పరీక్షలు మొన్ననే అయిపోయాయి, సాయంత్రం లోపల గుంటూరులో ఒక హాస్టలు స్కూల్లో చేరాలి, ఎండాకాలమంతా బ్రిడ్జి కోర్సు అట. ఆ హాస్టలు దుర్గ చూసింది. పొడుగాటి హాల్లో ఒకదానికొకటి ఆనించిన మంచాలు, రాత్రంతా ఆర్పని ట్యూబులైట్లు, చీకటితోనే ఈల, పిల్లలంతా ఒక్క గొంతుతో బట్టీ కొడుతుంటే మేడ మీది నుంచి రోడ్డు మీదికి హోరు. చూసి వచ్చి కూడా తట్టుకుంటుంది అంది. కాళ్ల దగ్గర కొత్త ట్రంకు పెట్టె, దాని మీద తెల్లరంగుతో పిల్ల పేరు, దానికి వేసిన తాళం పొదిలిలో బస్సెక్కిన దగ్గర్నుంచీ ప్రతి కుదుపుకూ రేకుకు కొట్టుకుంటూ టకటకమంటూనే ఉంది, దర్శి దాటాక పిల్ల చెప్పులోంచి కాలు తీసి బొటనవేలితో ఆ తాళాన్ని రేకుకేసి అదిమి పట్టింది. అద్దంకి పోయింది, నరసరావుపేట పోయింది, ఆ వేలు మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. బస్సు ఆగింది కదా, ఇక తాళం మోగదు కదా, అయినా తియ్యలేదు. దుర్గ అది చూసింది. కాలు నొప్పెట్టటం లేదా అని అడగొచ్చు, పెట్టటం లేదు పెద్దమ్మా అంటుంది, ఆ జవాబు ముందే తెలిసి ఉండటం వల్ల అడగలేదు.

తట్టుకుంటుంది. నిన్న సాయంత్రం చెల్లెలు కోటేశ్వరి ఇంటి వసారాలో కూర్చుని అన్న మాట. ఎవరో గట్టిగా అడిగితే అన్నది కాదు, తూచి, లెక్కేసి, కళ్లజోడు తుడుచుకుని మరీ అంది. చెల్లెలు వారం కిందట పొదిలి నుంచి ఎస్టీడీ చేసింది. చెల్లెలు ఫోను చెయ్యటమే అరుదు, చేసినా ఇంట్లో అంతా బానే ఉంది అక్కా అనటానికే చేస్తుంది, ఈసారి మాత్రం మాట మధ్యలో ఆగి, నీ దగ్గరేదో పరీక్ష ఉందంటివిగా, మనుషులకి ఎంత తగులుద్దో చూసేది, అది రమ్యకు పెట్టరాదా అని అడిగింది. పిల్ల అన్నం దగ్గర ఎవరైనా కసిరితే ఆ పూట తినదట, పక్కింట్లో మేక పిల్లని కోస్తుంటే ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుందట, దానికి జ్వరం కూడా వచ్చిందట. పిల్ల తండ్రి యలమంద హాస్టల్లో వెయ్యాల్సిందే అని పట్టుబట్టాడు, కానీ వదినగారు లెక్చరరు, సైకాలజీ చదివిన మనిషి, ఆమె గనక పిల్ల తట్టుకోలేదు అంటే నేను మాట్లాడను అన్నాడట. అంటే మొత్తం తన మీద పెట్టారు. అమ్మాయిల కాలేజీలో పాతికేళ్లు నిండని పిల్లలకు మనసు గురించి పాఠం చెప్పే తన మీద.

ఆ ప్రశ్నలు ఎక్కడో పడమటి దేశంలో పుట్టాయి. కొందరు పుట్టుకతోనే అలా ఉంటారని, చిన్న చప్పుడు పెద్దగా వినపడుతుందని, గరుకు బట్ట రోజంతా ఒంటిని పలకరిస్తూనే ఉంటుందని, గదిలోకి రాగానే ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారో ఎవరూ చెప్పకముందే తెలిసిపోతుందని, ఇది జబ్బు కాదు, పిరికితనం కాదు, ఎత్తు లాగా రంగు లాగా ఒక గుణం అని, దాన్ని కొలవొచ్చని. దుర్గ వాటిని విద్యార్థుల కోసం తెలుగులో పెట్టింది. వాక్యాలు కుదిరాయి గానీ ఆ గుణానికి పేరు కుదరలేదు. సుకుమారం అని రాసి కొట్టేసింది, ఎందుకంటే వాళ్ల ఇంట్లో అది తిట్టు, మిరప తోటలున్న ఇంట్లో ఆడపిల్లకు సుకుమారం ఏందే అని అమ్మ సుబ్బరావమ్మ అనే తిట్టు. అతి సున్నితత్వం అని రాసి, ఆ అతి అన్నది చూస్తూ చాలాసేపు కూర్చుంది, అతి అనగానే తీర్పు చెప్పేసినట్టే, కొలవకముందే తప్పు పట్టినట్టే. చివరికి అతి కొట్టేసింది. ఆ కొట్టివేత చూసుకుని తనను తాను మంచి మనిషి అనుకుంది. తనకు తాను ఆ పరీక్ష పెట్టుకుంది కూడా, మధ్యస్థంగా వచ్చింది, ఎందుకో చిన్నబుచ్చుకుంది, ఇంకొంచెం ఎక్కువ వస్తుందనుకుంది, అంత బాధ తనకు ఉందని ఎప్పటినుంచో ఒక నమ్మకం.

వసారాలో పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కోటేశ్వరి స్తంభానికి ఆనుకుని తొడిమలు తీస్తోంది, చేటలో ఎర్రటి కాయలు, వేళ్లు వాటంతట అవే పోతున్నాయి. పెద్ద చప్పుళ్లు నిన్ను ఇబ్బంది పెడతాయా అని మొదటి ప్రశ్న. పిల్ల తలెత్తి దుర్గ ముఖంలోకి చూసింది, ఒక్క క్షణం, నీళ్లలో అడుగు కనపడుతుందా అని వంగి చూసినట్టు చూసి, లేదు పెద్దమ్మా అంది. గరుకు బట్టలు? మళ్లీ ఆ చూపు. లేదు పెద్దమ్మా. చాలామంది మధ్యలో ఉంటే అలసట? లేదు. ఎదుటివాళ్లకు బాధగా ఉంటే నీకు ముందే తెలుస్తుందా? ఆ ప్రశ్నకు మిగతా వాటికంటే ఎక్కువసేపు చూసింది, చూసి, లేదు పెద్దమ్మా అంది. దుర్గకు అప్పుడే తెలిసింది. పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పటం లేదు, తన ముఖానికి చెబుతోంది. ఏం చెబితే పెద్దమ్మ నుదురు సడలుతుందో అది చెబుతోంది. అలా చదవగలగటమే ఆ పరీక్షలో అన్నిటికంటే పెద్ద మార్కు, అది ఏ ప్రశ్న కిందా పడదు, పాఠం చెప్పేటప్పుడు దుర్గ ఆ సంగతి విద్యార్థులకు చెబుతుంది, ఇటువంటి పిల్లలు కొలతబద్దను కూడా పసిగడతారు జాగ్రత్త అని చెబుతుంది. చెబుతుంది. మరి వసారాలో కళ్లజోడు తుడుచుకుని, చాలా తక్కువే వచ్చింది కోటీ, తట్టుకుంటుంది అంది. కోటేశ్వరి వేళ్లు ఒక్కసారి ఆగాయి. "అంతేలే అక్కా. నేను తట్టుకోలా?" అని మళ్లీ తొడిమ తీసింది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఉంటే బాగుండేది.

గేటు అవతల ఏదో గూడ్సు కూత వేసింది, రాలేదు. బస్సు చుట్టూ యార్డుకు పోయే మిర్చి లారీలు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి, టిక్కీలు అనే గోనె బస్తాలు ఆకాశానికి పేర్చి ఉన్నాయి, ఒక్కో టిక్కీ కుట్ల సందుల్లోంచి ఎర్రటి కాయలు బయటికి చూస్తున్నాయి. ముందు లారీ మీది నుంచి తాడు వదులైన టిక్కీ ఒకటి జారి రోడ్డు మీద పడటం దుర్గ చూసింది, వెనక సందు చూసి ముందుకు జరుగుతున్న లారీ చూసుకోకుండా దాని మీద చక్రం ఎక్కించటమూ చూసింది. గోనె పగిలి కాయలు నలిగాయి. ఏప్రిల్ ఎండకు గలగలలాడే కాయలు, పొడయి, వేడి గాలిలో లేచి, కిటికీల్లోంచి బస్సులోకి వచ్చింది ఘాటు. ముందు సీట్లో ఎవరో తుమ్మారు, తరువాత బస్సంతా ఒక్కసారి దగ్గింది. కండక్టరు టిక్కెట్ల సంచి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు, కిటికీ అద్దాలు దించబోతే దిగలేదు. పేరేచర్లలో ఎక్కి ఇటు పక్కన కూర్చున్న జైతున్‌బీ, ఎక్కిన దగ్గర్నుంచీ తన పేరూ కోడలి గయ్యాళితనమూ బస్సంతటికీ చెప్పిన మనిషి, కొంగు నోటికి పెట్టుకుని దగ్గుతూనే డ్రైవరును తిట్టింది, ముందుకో ఎనక్కో జరపరాదంట్రా నాయనా అని. తరువాత కన్నీళ్లు తుడుచుకుంటూ దుర్గ మీదుగా తొంగి చూసింది. "ఏందమ్మా నీ పిల్ల దగ్గటం లేదు? పాలల్లో కారం కలిపి పెంచారా దీన్ని?" వెనక సీట్లో ఎవరో దగ్గుల మధ్య నవ్వారు. "మా అమ్మ ఉంటే ఎంత నజరు తగిలిందో బిడ్డకి అనేది" అంది జైతున్‌బీ, మళ్లీ దుర్గను పరకాయించి, "పిల్లే కాదు, నువ్వూ దగ్గవే" అంది.

నజరు అన్నా దిష్టి అన్నా ఒకటే. చిన్నప్పుడు కోటేశ్వరికి దిష్టి తీసేవాళ్లు. తిరునాళ్లలో డప్పులు మోగితే చెవులు మూసుకుని మంచం కింద దూరేది, పొగాకు కాల్చే బ్యారను పక్కగా నడిస్తే కడుపులో తిప్పేది, నైలాను గౌను వేస్తే ఒళ్లంతా గోక్కుని ఏడ్చేది, చుట్టాలు వచ్చి పెద్దగా నవ్వుతుంటే గోడ వైపు తిరిగి నిలబడేది. అమ్మ ఆదివారం సాయంత్రం ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి కోటి చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసేది. మిరపకాయలు మాడి ఘాటు లేచి ఇంట్లో వాళ్లు దగ్గితే దిష్టి లేనట్టు. అన్ని కాయలు మాడినా ఒక్కరికీ దగ్గు రాకపోతే, అబ్బ, ఎంత దిష్టి తగిలిందే తల్లీ అని. అమ్మకు ముక్కు పనిచేసేది కాదు, ఏళ్ల తరబడి కళ్లాల్లో ఎండుమిరప తొక్కి తొక్కి మొద్దుబారిపోయింది, అందుకని కొలత బాధ్యత ఇద్దరు కూతుళ్ల మీద పడింది. పొయ్యి పక్కన కోటి, గడప మీద దుర్గ. ఘాటు వచ్చిందంటే ఏంటో కోటికి తెలుసు, గొంతులో నిప్పు, కళ్లలో సూదులు, ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసింది దానికే. అదే ఊపిరి బిగబట్టేది. మెడ నరాలు లేచేవి, పెదవులు తెల్లబడేవి, దగ్గేది కాదు. దగ్గకపోతే దిష్టి, దిష్టి అయితే తప్పు తనది కాదు. ఆ రాత్రి అమ్మ కసరదు, పక్కలో వేసుకుంటుంది, తలలో వేళ్లు పెడుతుంది, మర్నాడు కళ్లానికి రమ్మనదు. దుర్గ కూడా గడప మీద ఊపిరి బిగబట్టేది. ఎవరూ చెప్పలేదు, చెల్లెలి ముఖం చూసి తనే నేర్చుకుంది. అయిపోయాక ఇద్దరూ గడ్డివామి వెనక్కి పరిగెత్తి, గడ్డిలో ముఖాలు దూర్చి, అంతసేపూ ఆపుకున్న దగ్గంతా దగ్గి, దగ్గలేక నవ్వి, నవ్వలేక మళ్లీ దగ్గి. చీమిడీ కన్నీళ్లూ కలిసిపోయిన ఆ చిన్న ముఖం. అక్కా, బలే దాచినావే అని. జీవితంలో ఎవరితోనైనా అంత దగ్గరగా ఉందీ అంటే ఆ గడ్డివామి వెనకే.

ఒక ఆదివారం దుర్గ దగ్గింది. ఆపుకోలేక కాదు. ఊపిరి బిగబట్టే ఉంది, ఇంకా చాలాసేపు పట్టగలదు, పట్టగలనని తెలుసు. తొడిమలు తీసి తీసి గోళ్ల సందులు మండుతున్నాయి ఆ రోజు, ముందు రాత్రి అమ్మ ఒళ్లో కోటి తల ఉంది, అమ్మ చెయ్యి దాని జుట్టులో ఉంది, అంతే, వేరే ఏమీ లేదు. ఈ సంగతికి తరువాత ఆమె చాలా పేర్లు చదువుకుంది, అసూయ అని, తోబుట్టువుల పోటీ అని, ప్రతి పేరూ పెట్టి చూసింది, పేరు పెడితే చిన్నదవుతుందనుకుంది. దగ్గు మాత్రం అలాగే ఉంది. నోరు తెరిచి, గడప పట్టుకుని, నాటకంలో దగ్గినట్టు దగ్గింది. పొయ్యి ముందు అమ్మ తలెత్తింది. "దిష్టీ లేదు గిష్టీ లేదు. ఇదంతా పొగరు." కోటి అప్పటికీ బిగబట్టే ఉంది. పెదవులు తెల్లగా, కళ్ల నిండా నీళ్లతో అక్క వంక చూసింది, కోపంగా కాదు, అక్కకు నిజంగానే దగ్గు వచ్చిందేమో, పాపం, ఆపుకోలేకపోయిందేమో అన్నట్టు. ఆ జాలే దుర్గ ఇన్నేళ్లుగా మోస్తోంది. మర్నాడు అమ్మ కోటిని రెక్క పట్టుకుని కళ్లానికి తీసుకుపోయింది. సాయంత్రం కళ్లు ఉబ్బి, పెదాలు ఉబ్బి వచ్చింది. ఎట్టుందే అని అడిగితే బానే ఉంది అంది. అప్పటినుంచీ అన్నీ బానే ఉన్నాయి దానికి. పదో తరగతితో బడి మాన్పించినా, పత్తి చేల్లో మందు కొట్టిన మర్నాడే కలుపుకు పంపినా, అమ్మ పోయిన రోజున అందరూ ఏడుస్తుంటే వంటకు నీళ్లు మోస్తూ కూడా. కోటి రాయిరా అనేవాళ్లు ఊళ్లో మెచ్చుకోలుగా. దుర్గ గుంటూరు పోయి చదువుకుంది. మనసు గురించి.

పిల్లకు ఎక్కువ వస్తే ఏమయ్యేది. ఎక్కువ వస్తే అది తల్లి నుంచి వచ్చినట్టు. తల్లి నుంచి వస్తే అప్పుడు తల్లికి ఉన్నట్టు, అంటే ఆ మంచం కిందది, నైలాను గౌనుది, పొగాకు వాసనది అంతా పొగరు కాదన్నట్టు, పొగరు కాదని ఇంట్లో తెలిసింది ఒక్కరికే, తెలిసీ దగ్గింది ఒక్కరే. అందుకే వసారాలో తన నుదురు ఆ జవాబులు అడిగింది. లేదు అను తల్లీ, లేదు అను. నోటితో కాదు, ముఖంతో అడిగింది, పదకొండేళ్ల పిల్ల దాన్ని చదివి అడిగినంతా ఇచ్చేసింది. రెండోసారి. ఒకే ఇంట్లో రెండోసారి తనే కొలిచింది, తన గడప మీద నిలబడి తనకు కావలసిన కొలత చెప్పింది.

బస్సు ఇంకా దగ్గుతోంది. దుర్గ మెల్లిగా పక్కకు తిరిగింది, ఇంక తిరగక తప్పదు కనుక. శ్రీరమ్య కిటికీ వైపు చూడటం లేదు. తన వైపే చూస్తోంది, ఎప్పటినుంచో. మెడ నరాలు లేచి ఉన్నాయి. పెదవులు తెల్లబడి ఉన్నాయి. కళ్లలో నిండిన నీళ్లు చెంప మీదికి జారకుండా రెప్ప కూడా వెయ్యటం లేదు. బొటనవేలు తాళాన్ని అదిమే ఉంది.

"దగ్గు రమ్యా. దగ్గితే ఏం కాదు" అంది దుర్గ. పిల్ల తల అడ్డంగా ఊపింది. నోరు తెరిస్తే ఊపిరి పోతుంది కదా, అందుకని మాట్లాడలేదు, చూపు మాత్రం దుర్గ ముఖం వదల్లేదు, పెద్దమ్మ మాట ఒకటి చెబుతోంది, ముఖం ఇంకొకటి చెబుతోంది, పిల్ల ముఖాన్నే నమ్ముతోంది. అప్పుడు దుర్గకు తన ఛాతీ సంగతి తెలిసింది. బిగిసి ఉంది. జైతున్‌బీ అన్నమాట నిజం, బస్సులో దగ్గని మనుషులు ఇద్దరు. ఆ ఆదివారం తరువాత ఎక్కడ మిరపకాయ మాడినా ఆమె దగ్గలేదు, వంటింట్లో పోపు మాడినా గబగబా బయటికి నడిచేది, అలవాటనుకుంది, తనకు అంతగా తగలదు అనుకుంది, మధ్యస్థం అని మార్కులు కూడా వేసుకుంది. పెద్దమ్మ బిగబట్టింది కాబట్టి పిల్ల బిగబట్టింది. అంతే.

దుర్గ దగ్గింది. మొదట రాలేదు, ఆ దారి మూసుకుపోయినట్టు గొంతు ఉత్తగా కదిలింది, తరువాత ఒక్కసారిగా వచ్చింది, ముందు సీటు కడ్డీ మీదికి వంగిపోయి, కళ్లజోడు ఒళ్లో పడిపోయి, సిగ్గు విడిచి దగ్గింది, దగ్గుతూ చెయ్యి పక్కకు చాచి పిల్ల వీపు వెతుక్కుంది. ఆ వీపు చేతి కింద ఒకసారి వణికింది. ఆపైన పిల్ల కూడా దగ్గింది, ఆగకుండా, లోపల ఎప్పటిదో అంతా బయటికి తోడినట్టు, నీళ్లన్నీ చెంపల మీదికి కారిపోతుంటే. "హమ్మయ్య, నజరు లేదులే బిడ్డకి" అంది జైతున్‌బీ వీపు నిమరటానికి చెయ్యి చాస్తూ. పాత తీర్పే, కాలం తిరిగి అదే మాట. శ్రీరమ్య దుర్గ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "నేను దగ్గినానని నాన్నకు చెప్పమాక పెద్దమ్మా."

గేటు లేచింది. ఇంజను మొదలయింది, తాళం మళ్లీ టకటకమంది, వేలు మళ్లీ దాని మీదికి పోయింది. దుర్గ లేచి నిలబడి కండక్టరును ఆపమంది, ఇక్కడేంటమ్మా గుంటూరు ఇంకా రాందే అని అతను విసుక్కున్నాడు, అయినా ఆపాడు, ట్రంకు పెట్టె కిందికి అందించాడు. బస్సు పోయింది, లారీలు పోయాయి, రోడ్డు మీద నలిగిన ఎర్రటి మరక మిగిలింది. ఇద్దరూ అవతలి పక్కకు వచ్చి వేపచెట్టు నీడలో పెట్టె మీద కూర్చున్నారు, నరసరావుపేట వైపు పోయే బస్సు కోసం. చీకటి పడేలోపు పొదిలి చేరతారు. యలమందకు చెప్పటం తేలికే, తప్పు లెక్కేశానయ్యా అంటే సరిపోతుంది, చదువుకున్నవాళ్లు లెక్క తప్పితే జనం క్షమిస్తారు. తరువాత వసారాలో స్తంభం పక్కన కూర్చుని కోటికి చెప్పాల్సింది ఉంది, అది పిల్ల గురించి కాదు. ఆ రోజు నాకు దగ్గు రాలేదే అనాలి. అంటే అది ఏమంటుంది. బానే ఉందిలే అక్కా అంటుంది. అంటుందేమోనన్న భయం కంటే పెద్ద భయం ఈ ఎండలో ఇంకొకటి లేదు.

పిల్ల ఇంకా అప్పుడప్పుడూ దగ్గుతోంది, దగ్గిన ప్రతిసారీ ఆమె వంక చూస్తోంది. దుర్గ కళ్లజోడు తీసి సంచిలో పెట్టేసింది. పట్టాల వైపుకు, పిల్లకు తన ముఖం కనపడనంతగా, పూర్తిగా తిరిగి కూర్చుంది. మొదటి ప్రశ్న మళ్లీ అడిగింది. పెద్ద చప్పుళ్లు నిన్ను ఇబ్బంది పెడతాయా రమ్యా. ఆమె తిరగలేదు. తిరగాలని మెడ లాగుతున్నా తిరగలేదు.

"పెద్దవి కాదు పెద్దమ్మా" అంది పిల్ల చివరికి. "రాత్రిళ్లు అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని దగ్గుద్ది. అది వినపడుద్ది."